పార్కు ఫారాల్లో ఒకటి

జూన్ 2, ఉదయం 5.30
షాపుకి తాళం వేశాను. పన్నెండు రోజులు. ఇరవై రెండేళ్లలో ఇన్నాళ్లు ఎప్పుడూ మూయలేదు. ఇరవై ఆరు యూనిఫామ్‌లు కత్తిరించి, ఏ పిల్లవి ఆ పిల్లకి మూటకట్టి బల్ల మీద పెట్టాను. ఇరవై మూడున స్కూలు తెరుస్తారు. పధ్నాలుగున వచ్చి మిషన్ ముందు కూర్చుంటే అందుకుంటాను. మాటిచ్చాను.

ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై నాలుగు నెలలు. పాత వ్యాన్ కొన్నాడు. ముప్పై ఏళ్లు ఒకటే రూట్లో తిప్పాను, ఇక నాకు నచ్చిన రూట్లో పోతా, నువ్వు పక్కన కూర్చుంటే చాలు అన్నాడు. మూడు నేషనల్ పార్కులు, మధ్యలో రెండు సముద్రపు ఊళ్లు.

బయల్దేరేముందు బానెట్ మీద ఫారాలు పరిచాడు. క్యాంపింగ్ పర్మిట్లట. ఇద్దరి సంతకాలూ కావాలట. నా కళ్లజోడు బ్యాగు అడుగున ఉంది. కానివ్వు, లేటైతే పార్కు గేటు మూసేస్తారు అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. తర్వాత డీజిల్ కొట్టించుకొస్తానని ఒక్కడే వెళ్లొచ్చాడు.

జూన్ 3
మొదటి పార్కు. గేటు దగ్గర గార్డు ఫారం చూసి, ఒకరి సంతకం చాలు కదమ్మా అన్నాడు. మా ఆవిడ సంతకం ముత్యాల్లా ఉంటుంది, అందుకే పెట్టించా అని ఆయన నవ్వాడు. గార్డూ నవ్వాడు. జింకలు చూశాం.

జూన్ 4
తెల్లవారుజామున వాన. గుడారం కుట్లన్నీ కారాయి. దుప్పట్లు పిండితే బకెట్ నిండింది.

గుడారం నేనే కుట్టాను, కాన్వాసు మీద నూలు దారంతో. రెండుసార్లు తడిపి ఆరబెడితే దారం ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి. ఆ ఒక్క పనీ ఆయనకు చెప్పాను. చేశానన్నాడు.

పక్క గుడారం వాళ్ల ముందు, ఊరందరి బట్టలూ ఈవిడే కుడుతుందండీ, పాపం వాళ్లు వానలో బయటికి రారు అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లు వెళ్లాక అడిగాను. తడిపాననే అనుకున్నా అన్నాడు.

జూన్ 5
రోజంతా రోడ్డు. ఆయన ముందుకు చూశాడు, నేను పక్కకు చూశాను.

జూన్ 7, ఉదయం
సముద్రపు ఊరు. మూడు రోజుల తర్వాత సిగ్నల్ వచ్చింది. మా షాపు పక్కన ఇస్త్రీ చేసే ఆవిడవి పదకొండు మిస్డ్ కాల్స్. చేస్తే ఏడుపు గొంతుతో ఎత్తింది. అక్కా, ఖాళీ చేస్తున్నట్టు నాకు ఒక్క మాట చెప్పకూడదా అంది. మిషన్లు రెండూ వరండాలో పడేశారట. జల్లు కొడుతుంటే ఇస్త్రీ దుప్పటి కప్పిందట. షాపులో అప్పుడే ఎవరో సెల్‌ఫోన్ బోర్డు కడుతున్నారట.

మధ్యాహ్నం
ఆయన ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. అడిగాను. ముందే చెబితే ఒప్పుకునేదానివా అన్నాడు. ఇంకెన్నాళ్లు తొక్కుతావే ఆ మిషన్, నీ మోకాళ్ల కోసమే చేశా అన్నాడు. నా మోకాళ్లు నన్నెప్పుడూ ఆపమని అడగలేదన్నాను. అయినా సంతకం నువ్వే కదా పెట్టావు అన్నాడు.

జూన్ 8
బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు. స్టాండు దాకా ఆయన వచ్చాడు. టిక్కెట్టు తీసుకునేటప్పుడు కూడా, తిక్క తగ్గాక ఫోన్ చెయ్యి, రెండో పార్కు దగ్గర ఆగుతా అన్నాడు.

జూన్ 9
షాపు ఓనరు కాగితం తెచ్చి చూపించాడు. ఈసారి కళ్లజోడు పెట్టుకుని చదివాను. నా అంతట నేనే షాపు వదులుకుంటున్నానని ఉంది. కింద నా సంతకం. ముత్యాల్లాగే ఉంది. నేనేం చెయ్యనమ్మా, మీరు ఊరెళ్లిన పొద్దున్నే మీ ఆయన వచ్చి ఈ కాగితమిచ్చి నువ్వు అలసిపోయావని చెప్పాడు, కొత్తవాళ్లకు మాటిచ్చేశా అన్నాడు. ఓనరు తప్పేం లేదు.

మూటలన్నీ విప్పి ఒకే గోనెలో కుక్కారు. చేతులు ఒకరివి, కాలర్లు ఇంకొకరివి. చాక్‌పీసు గుర్తులు వానకు పోయాయి.

జూన్ 10
మంచం విప్పి అటక మీదికి ఎక్కించాను. పడకగదిలో మిషన్లు పట్టాయి. ఇస్త్రీ ఆవిడ ఒక పక్క పట్టింది. బావ వస్తే ఎక్కడ పడుకుంటాడక్కా అని అడిగింది. ఆయన దగ్గర గుడారం ఉందన్నాను.

పిల్లలను మళ్లీ పిలిచి కొలతలు తీస్తున్నాను. ఒకావిడ, తాళం వేసుకుని ఊళ్లు తిరిగితే ఇంతే మరి అంది.

జూన్ 14
ఆయన వచ్చాడు. గది గుమ్మంలో నిలబడి మంచమేదని అడిగాడు. మిషన్ ఆపలేదు. కాసేపటికి పెరట్లో మేకులు కొడుతున్న చప్పుడు.

జూన్ 17, ఉదయం
పదిహేడు యూనిఫామ్‌లు అయ్యాయి. ఇంకా తొమ్మిది.

పెరట్లో పళ్లు తోముకుంటూ ఎదురింటాయనకు చివరి పార్కు గురించి చెబుతున్నాడు. ఎలుగుబంటి మా గుడారం దగ్గరకొచ్చిందట. నేను భయపడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నానట.