డోలక్ లేని పాటలు

సోమవారం, బతు బస్తీ

చర్చిలో పాటలప్పుడు మా పాప రూతు చెవులు మూసుకుని ఏడుస్తుంటే, ఆటిజం కదా, శబ్దం పడదనుకున్నాం. దాని కోసం పాపం సంఘమంతా డోలక్ మానేసి మెల్లగా పాడింది. అయినా ఏడుపు ఆగలేదు.

ఇవాళ డాక్టరమ్మ లైటు వేసి చూస్తే కుడి చెవి నిండా చీము. "దేఖో దీదీ, ఇలాంటి పిల్లలకి చెవిపోటు, ఎలర్జీ, కడుపు బాధ కూడా ఎక్కువే ఉంటాయి. నోటితో చెప్పలేరు. అన్నీ ఆటిజం మీదికి తోసేయకండి" అంది.

అందరం గొంతు తగ్గించాం గానీ దాని చెవిలోకి ఒక్కరమూ చూడలేదు.

చుక్కలు వేశాక నిద్రపోయింది. మోచేతి మడత గోక్కుంటోంది. కాళ్లు కడుపులోకి ముడుచుకుంది. రోజూ అలాగే పడుకుంటుంది. అలవాటనుకున్నాను...