వాచీ చెప్పిన దడ

ప్రియమైన మౌనమునికి,

పెన్ను పట్టుకుని చాలా ఏళ్లయింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. ఇన్నాళ్లూ నా తప్పులు ఫోనే దిద్దేది.

నువ్వు ఆ లోయకి వెళ్లి నెల దాటింది. చుక్కల నుంచి వచ్చే రేడియో తరంగాలని వినడానికి అంతంత డిష్షులు పెట్టుకున్నారు, బాగానే ఉంది. దానికోసం సెల్‌ఫోను ఉండకూడదు, వైఫై ఉండకూడదు, మైక్రోవేవు కూడా ఉండకూడదంటే నీ మొగుడు ఏమైపోవాలి? కొత్త యంత్రాలు ఎలా వాడాలో లోకానికి పుస్తకాలు రాసి చెప్పేవాణ్ణి నేను. అలాంటిది సొంత పెళ్లాం క్షేమసమాచారం కోసం తపాలా బిళ్ల నాలికతో తడుపుతున్నాను. మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుంది.

నా పుస్తకాల సంగతి నీకు తెలిసిందే. మా కంపెనీ నీళ్ల ఫిల్టరు, వాషింగ్ మెషీను ఉన్న ప్రతి ఇంట్లోనూ నా రచన ఉంటుంది. చదివినవాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. అట్టపెట్టె విప్పగానే ముందు దాన్నే అవతల పారేస్తారు.

ఇక ఇంటి కబుర్లు. మన భవనం లిఫ్టుకి తెలివితేటలు అమర్చారు. బొత్తాలు పీకేసి తెర పెట్టారు. అప్పట్నుంచీ అది ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్లడం లేదు, 'అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి వేచి ఉండండి' అని మర్యాదగా చెబుతోంది. నాలుగో అంతస్తుకి మెట్లే గతి. నన్నడిగితే, ఏ వస్తువుకైనా తెలివి ముదిరితే పని మానేస్తుంది. మా మేనేజరూ అంతే.

ఇంకోటి, తిట్టనంటే చెబుతాను. కొత్త వాచీ కొన్నాను. నాడి చూస్తుంది, నిద్ర చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. పాతది పారేయడమెందుకని అత్తయ్యగారి చేతికి పెట్టాను. "ఈ వయసులో నాకివన్నీ ఎందుకు బాబూ" అంటూనే తెగ మురిసిపోతున్నారు మీ అమ్మ. టైము చూసుకోవడానికి తప్ప దేనికీ వాడరనుకో.

కొత్తది నా చేతికి వచ్చిన వేళావిశేషం, కుర్చీలోంచి లేవకపోయినా బోలెడు నడిచానని ఫోను తెగ మెచ్చుకుంటోంది. నువ్వు ఏనాడూ అలా మెచ్చుకున్న పాపాన పోలేదు.

చిన్న సంగతి ఒకటి. ఈ మధ్య ఫోనుకి ఓ హెచ్చరిక వస్తోంది. 'మీ గుండె లయ తప్పుతోంది, వైద్యుణ్ణి కలవండి' అని. నిన్ను చూసిన రోజు నుంచీ అది తప్పుతూనే ఉందని దానికేం తెలుసు! కంగారు పడకు. నేనేం పడటం లేదు.

నీ,
చార్జింగు నిండుగా ఉన్న మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరమంతా నవ్వించి, చివర్లో గుండె సంగతి దూర్చారు. ముందుగా చెబితే మిగతాది చదవననా? మీరు 'కంగారు పడటం లేదు' అని రాశారంటే పడుతున్నారని అర్థం. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలియదా నాకు? వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్కసారికి జోకులు పక్కన పెట్టండి.

ఇక్కడ తపాలా బండి వారానికి ఒక్కసారే వస్తుంది. మా అధికారి బల్ల మీద తీగ ఫోను ఒకటుంది, ప్రాణం మీదకి వస్తే తప్ప ముట్టుకోకూడదు. కంప్యూటర్లు పనికి తప్ప వాడనివ్వరు. నా సెల్లు కొండ కింద డిపోలో బీరువాలో పడుంది. మీ జవాబు వచ్చేదాకా నేనేం తింటానో ఎలా పడుకుంటానో నాకే తెలియదు.

నా పని గురించి మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చుక్కల్ని వినేవాళ్లు వేరే. వాళ్ల వినికిడికి అడ్డమొచ్చే రొద ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. కిందటి వారం ఒక వింత సంకేతం పట్టుబడింది. పొద్దునా సాయంత్రం వస్తోంది. పెద్దవాళ్లంతా ఎగిరి గంతేశారు, ఆకాశంలో కొత్తదేదో దొరికిందని. నేను చేత్తో పట్టుకునే ఏంటెన్నా తీసుకుని ఆవరణంతా తిరిగాను. చివరికి మా వంటాయన గదిలో తేలింది. మంచం కింద దాచుకున్న కరెంటు షేవరు! కొత్తగా చేరిన టైపిస్టు మీద మనసు పడి రెండు పూటలా గడ్డం గీసుకుంటున్నాడట. పాపం, సిగ్గుతో చచ్చిపోయాడు. మా దగ్గర ఎప్పుడూ ఇంతే. ఎక్కడో పైనుంచి ఊడిపడిందనుకున్నది పక్కగదిలోంచి బయటపడుతుంది.

అమ్మ ఎలా ఉంది? వాచీ గురించి అంత రాశారు, అమ్మ ఒంట్లో ఎలా ఉందో ఓ ముక్క కూడా లేదు. తనంతట తాను ఏదీ చెప్పదు, మీరే కనిపెట్టి చూడాలి.

డాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయండి.

మీ కోసం బెంగపెట్టుకున్న,
మీ ఆవిడ


ప్రియమైన నీకు,

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈసీజీ తీశాడు, రక్తం తీశాడు, బెల్టు మీద పరిగెత్తించాడు. "గుర్రంలా ఉన్నారు, కాఫీ తగ్గించండి" అన్నాడు. ఫోను తీసి హెచ్చరికలు చూపించాను. "యంత్రం మాట వింటారా, నా మాట వింటారా?" అని గసిరాడు.

నా సంగతి నీకు తెలుసుగా. యంత్రం మాటే విన్నాను. ఆయన చెవికి గొట్టం పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాడు. వాచీ రోజంతా వింటోంది. ఎవరికి ఎక్కువ తెలుస్తుంది?

ఆ హెచ్చరిక ఇదివరకు అప్పుడప్పుడూ వచ్చేది, ఇప్పుడు రోజూ వస్తోంది. జోకులు వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను, నాకు భయంగా ఉంది. నిన్న సోఫాలో కదలకుండా పడుకుని ఉన్నాను. 'మెట్లు ఎక్కుతున్నట్టున్నారు, కాసేపు ఆగండి' అని వచ్చింది. పడుకున్నవాడి గుండె మెట్లెక్కేవాడి గుండెలా కొట్టుకుంటోందంటే ఇక ఇందులో మిగిలిందేముంది? గుండె మీద చెయ్యి వేసుకుని చూశాను. మామూలుగానే ఉన్నట్టుంది. దొంగగుండె, నాక్కూడా తెలియనివ్వడం లేదు.

ఆఫీసుకి సెలవు పెట్టాను. పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాసి పంచదార డబ్బా అడుగున పెట్టాను. ఎందుకు రాశానని అడక్కు. లోన్లు కావాలా, క్రెడిట్ కార్డులు కావాలా అని ఒకటే ఫోన్లు, మోగినప్పుడల్లా ఉలిక్కిపడి చస్తున్నాను. తెలియని నంబర్లు అసలు మోగకుండా నా ఫోనుకీ అత్తయ్యగారి ఫోనుకీ అడ్డం పెట్టేశాను.

అత్తయ్యగారి గురించి అడిగావు. ఆవిడ లేకపోతే నా గతేమయ్యేదో! నన్ను పూచికపుల్ల ఎత్తనివ్వడం లేదు. లిఫ్టు ఇంకా అలాగే ఏడుస్తోందా, మంచినీళ్ల డబ్బా, కూరల సంచి, నా పార్శిళ్లు, అన్నీ నాలుగంతస్తులూ ఆవిడే మోసుకొస్తున్నారు. నేను లేవబోతే "మీరు పడుకోండి బాబూ, మీ గుండె జాగ్రత్త" అంటారు. సంచి దింపి గోడకానుకుని కాసేపు నిలబడి, నా వంక చూసి నవ్వుతారు. ఈ వయసులో ఎంత ఓపికో ఆవిడకి!

ఒకవేళ నాకేమైనా అయితే ఆవిణ్ణి నువ్వు దగ్గరే ఉంచుకో. అంతకంటే రాయలేను.

నీ,
సోఫాకి అంకితమైన మొగుడు


ఏమండీ,

మీ ఉత్తరం బండి దగ్గరే నిలబడి చదివాను. అక్కణ్ణుంచి పరుగే పరుగు. మా అధికారి బల్ల దగ్గరికి వచ్చి, అడగకుండానే ఫోను లాక్కున్నాను. ఆయన నా మొహం చూసి కుర్చీ కూడా ఇచ్చాడు.

పాత వాచీ అమ్మ చేతికి పెట్టేముందు మీ పేరు మీంచి తీశారా? తీసి ఉండరు. మీ ఫోనుకి రెండు వాచీలూ కబుర్లు చెబుతున్నాయి. కుర్చీలోంచి లేవని మనిషికి అన్ని అడుగులెక్కడివి? సోఫాలో పడుకున్న మనిషి ఏ మెట్లెక్కాడు? మీ గుండెకి ఏమీ కాలేదు. లయ తప్పుతున్నది మా అమ్మ గుండె! మీరు పడుకున్నకొద్దీ అమ్మ మోస్తోంది, అమ్మ మోసినకొద్దీ మీకు హెచ్చరికలొస్తున్నాయి, అవి వచ్చినకొద్దీ మీరు పడుకుంటున్నారు!

మీకు చేశాను, మోగలేదు. అమ్మకి చేశాను, మోగలేదు. మళ్లీ మళ్లీ చేశాను. తెలియని నంబరు కదా నాది! పక్కింటివాళ్ల నంబర్లు డిపోలో ఉన్న నా సెల్లులో ఉన్నాయి. ఏడుపొచ్చేసింది. అప్పుడు మూలనున్న నీళ్ల ఫిల్టరు కనిపించింది. మీ కంపెనీదే. దాని వెనక ప్లాస్టిక్ సంచీలో మీ పుస్తకం ఉంది. ఆఖరి పేజీలో సహాయ కేంద్రం నంబరు ఉంది.

ఇప్పుడు ఆ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే ఇది రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. సంగీతం వస్తోంది. నీళ్లు కారుతుంటే ఒకటి నొక్కమంది, చప్పుడు చేస్తుంటే రెండు నొక్కమంది. అమ్మ మెట్లెక్కుతుంటే ఏది నొక్కాలో మీరు రాయలేదు. రెండు నొక్కాను. మళ్లీ సంగీతం. మా కాల్ మీకు ముఖ్యమట. కాదు, మీ కాల్ మాకు ముఖ్యమట. ఏదో ఒకటి.

అమ్మా, కూర్చోవే. ఎక్కడున్నా ఆ సంచి కింద పడేసి కూర్చో.

ఎవరో ఎత్తారు


ప్రియమైన శ్రీమతికి,

నువ్వు తిరిగి డ్యూటీకి వెళ్లిపోయిన మర్నాడు నీ పాత ఉత్తరం తీరిగ్గా వచ్చింది. సంతకం కూడా లేదు. అత్తయ్యగారికి చదివి వినిపించాను. 'అమ్మా, కూర్చోవే' అన్న దగ్గర ఆవిడ కళ్లు తుడుచుకుని, తర్వాతేముందో చదవమన్నారు. తర్వాత ఏమీ లేదు.

నువ్వు వచ్చేసరికి ఆవిడ ఆస్పత్రి మంచం మీద, గుండె లయ నిలబెట్టే ఆ చిన్న యంత్రం లోపల పెట్టించుకుని, నవ్వుతూ ఉన్నారు. నువ్వు ఫోను చేసిన పూట జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సహాయ కేంద్రం అమ్మాయి పక్కవీధిలో వాషింగ్ మెషీను బాగుచేస్తున్న మా మెకానిక్‌ని పంపింది. గంట మోగితే నేను రోగిష్టివాడిలా నెమ్మదిగా వెళ్లి తలుపు తీశాను. అతను అరచేతిలో రాసుకున్నది చూసి చదివాడు. "మీ ఆవిడ చెప్పమన్నారు సార్. రెండు వాచీలూ మీ ఫోనులోనే ఉన్నాయంట. చెడింది మీ గుండె కాదు, వాళ్లమ్మగారిదంట. ఆవిణ్ణి మెట్లెక్కనివ్వొద్దంట."

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. 'మెట్లు ఎక్కుతున్నట్టున్నారు, కాసేపు ఆగండి.' అత్తయ్యగారు కూరలకని కిందికి వెళ్లి చాలాసేపయింది.

చెప్పుల్లేకుండా దిగాను. రెండో అంతస్తు మలుపులో, మెట్టు మీద, గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నారు. మొహం తెల్లగా పాలిపోయింది. టమాటాలు మెట్లన్నిటి మీదా దొర్లిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయారు. "మీరెందుకు దిగారు బాబూ? మీ గుండె!" అన్నారు.

ఆ మాట ఎన్నాళ్లయినా నన్ను వదలదు. మెకానిక్కూ నేనూ చేతులు కలిపి కూర్చోబెట్టుకుని కిందికి దింపాం. ఆటోలో ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెడుతూ ఉన్నారు.

దడ చాలాకాలంగా ఉందట. మరెందుకు చెప్పలేదని అడిగాను. "చెబుదామనే అనుకున్నాను బాబూ. ఈలోగా మీ గుండె బాగోలేదన్నారు. ఇంట్లో ఇద్దరం మంచం పడితే పిల్ల అక్కడ ఒక్కతే ఎలా ఉంటుంది?" అన్నారు. ఆవిడ గుండె సంగతి ఆవిడ చేతి వాచీయే నాకు రోజూ చెబుతూ ఉంది. అది నా జబ్బనుకుని ఆవిడ చేత మోయించాను. నన్ను తిట్టు. ఆస్పత్రిలో ఒక్క మాటా అనలేదు నువ్వు, అదింకా భయంగా ఉంది.

వాచీతో వచ్చిన పుస్తకం ఇప్పుడు విప్పాను. రెండో పేజీలోనే ఉంది, లావు అక్షరాల్లో: 'ఇతరులకు ఇచ్చే ముందు మీ ఖాతా నుండి తొలగించండి.' ఇలాంటి వాక్యాలు రాసి నెల జీతం తీసుకునేవాణ్ణి నేను! నా పుస్తకాన్ని అవసరానికి తెరిచిన మొదటి మనిషివి నువ్వే. ఆఖరి పేజీ ఒక్కటే అయినా సరే, చాలు.

లిఫ్టుకి పాత బొత్తాలే మళ్లీ పెట్టించారు. నొక్కితే వస్తోంది. మంచినీళ్ల డబ్బా నేనే తెస్తున్నాను. పాత వాచీ ఇప్పుడు ఆవిడ పేరు మీదే ఉంది, నా ఫోను నోరు మూసుకుంది. అయినా పక్కగదిలో ఆవిడ దగ్గితే నా చెయ్యి నా గుండె మీదకే వెళుతోంది.

ఆవిడ యంత్రంతో వచ్చిన పుస్తకం ఈసారి మొదటి పేజీ నుంచీ పైకి చదివాను. ఆవిడ పక్కన కూర్చుని విన్నారు. "ఇది కూడా మీరే రాశారా?" అని అడిగారు. కాదంటే, "అయితే పరవాలేదు" అన్నారు.

నిన్న పుస్తకం పూర్తయ్యాక దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిరగేశారు. తర్వాత అడిగారు. "ఇది లోపల పెట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్లొచ్చా బాబూ? నా గుండె చప్పుడు వాళ్ల చుక్కలకి అడ్డమొస్తుందంటారా?"

పుస్తకమంతా వెతికాను, దాని గురించి ఎక్కడా లేదు. మీ అధికారిని అడిగి త్వరగా రాయి. ఆవిడ అప్పుడే బట్టలు సర్దుకున్నారు.

నీ,
రెండో పేజీ కూడా చదివిన మొగుడు