వెనక తలుపుకి కెమెరా వద్దు

అల్లుడికి, మీ పెద్దమామయ్య రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి. నేను పట్టింది ఉలి, కలం కాదు.

నువ్వు గీసిచ్చిన ప్లాను చూశాను. గోదాముకి ఒకలా, నగల కొట్టుకి ఒకలా, ఇంటికి ఒకలా కెమెరాలు పెట్టిస్తావట. ముందు వడ్రంగి కొట్టు, వెనక కాపురం ఉన్న చోటుకి ఎలా పెడతారో చూడాలని నాకూ సరదాగానే ఉంది. ఎవడు దొంగో, ఎవడు మనవాడో దానికెలా తెలుస్తుంది? తెలియకపోతే అదేం తెలివైన కెమెరా?

వెనక తలుపుకి మాత్రం వద్దు. "అటునుంచి ఎవరొస్తారు మామయ్యా?" అన్నావు. పిల్లి అన్నాను. పిల్లి కాదు, మీ చిన్నమామయ్య. పంపకాల దగ్గర మాటామాటా పెరిగి మా ఇద్దరికీ మాటల్లేవని నీకు తెలిసిందే. నా చేతులు వణకడం మొదలయ్యాక, మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళకి వాడొచ్చి నా ఉలులన్నీ చప్పుడు కాకుండా నూరిపెట్టి పోతున్నాడు. నూరడంలో వాడి చెయ్యి మంచిది. ఆ మాట వాడితో అనకు. అక్కడ కెమెరా కనబడిందా, నాకు తెలిసిపోయిందని మళ్లీ గడప తొక్కడు. నాకున్నంత పొగరూ వాడికీ ఉంది.

ఒకటి అడుగుతాను, నవ్వకు. వెనక సందులో గేటు తీయగానే నా జేబులో మాత్రం మెల్లగా మోగేది ఏదైనా ఉందా? ఈమధ్య వాడు ముందుగానే వచ్చేస్తున్నాడు. నేను వెళ్లి పడుకుని కళ్లు మూసుకోవడానికి కాస్త వ్యవధి కావాలి.