నాలుగు పాత పిస్టన్లు

అక్టోబరు 9

హనావా షెడ్డు యజమాని తోకుజో గారికి నమస్కారాలు. కనుమకు ఇటువైపు కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి, మీ వైపూ ఎర్రబడే ఉంటాయి.

నిన్న మీ దగ్గర వదిలిన పదమూడేళ్ళ పాత కారు నాది. ఇంజిన్‌కి బలం పెంచే టర్బో ఇప్పుడే వద్దు. ఎప్పుడో పెట్టించుకుంటాను. అప్పటికి తట్టుకునేలా ఇంజిన్‌ని ఇప్పుడే సిద్ధం చేయండి. ఇంజిన్ల సంగతి నాకేమీ తెలియదు. కాకపోతే కుదింపు తగ్గించే గట్టి పిస్టన్లు, మంచి హెడ్ గ్యాస్కెట్టు, పెద్ద రేడియేటరు వేయాలని ఎవరో అనగా విన్నాను.

ఇట్లు,
కుజే చిదోరి

తా.క.: ఫోను చేయకండి, ఉత్తరం రాయండి. ఫోనైతే పెట్టేశాక ఏమీ మిగలదు.

నవంబరు 2

చిదోరి గారికి, చలి ముదిరింది, ఆరోగ్యం జాగ్రత్త.

బండి ఎలా ఉంది? టర్బో వచ్చేదాకా మునుపటికంటే నీరసంగానే నడుస్తుంది, కంగారు పడకండి. కొత్త పిస్టన్లు కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా గట్టిగా తొక్కవద్దు. మీరు బండి తీసుకెళ్ళినప్పుడు పాత పిస్టన్లు నాలుగూ ఇవ్వడం మరిచాను. కడిగి, గుడ్డలో చుట్టి పంపుతున్నాను. మార్చిన సామాను తిరిగివ్వడం మా షెడ్డు ఆనవాయితీ.

ఇట్లు,
హనావా తోకుజో

తా.క.: ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళయింది. ఇక్కడ నేనొక్కణ్ణే, చదివి తప్పులు దిద్దేవాళ్ళు లేరు.

నవంబరు 8

తోకుజో గారికి, ఈ ఉదయం మా పెరట్లో తొలి మంచు రాలింది.

మీ కానుక అందింది. నాకు కానుకంటూ వచ్చి ఎన్నేళ్ళయిందో. నాలుగింటినీ ముందుగదిలో అలంకార గూట్లో, పూలకుండీ పక్కన పెట్టాను. బదులు పంపకుండా ఎలా ఉంటాను? మా పెరటి కాకీ చెట్టు పళ్ళు ఎండబెట్టి పంపుతున్నాను.

ఒక మాట అంటాను, కోపగించుకోకండి. కానుకగా నాలుగు వస్తువులు ఎవరైనా పంపుతారా? ఆ అంకె పలికితే చావన్నట్టే వినిపిస్తుందని ఆస్పత్రిలో గదికి కూడా వేయరు. ఒంటరిదానికి నాలుగు పంపితే నేనేమనుకోవాలి?

వెయ్యి కిలోమీటర్లు తిరగమన్నారు. నాకు వెళ్ళే చోటల్లా కూరగాయల కొట్టే, రానూపోనూ నాలుగు కిలోమీటర్లు. రోజూ వెళ్ళినా ఎనిమిది నెలలు పడుతుంది. రోజూ కొని ఎవరికి వండను?

ఇట్లు,
చిదోరి

తా.క.: మొన్న మీ షెడ్డు నుంచి బండి తెచ్చుకుంటూ కనుమ ఎక్కుతుంటే సైకిల్ మీద ఒక ముసలావిడ నన్ను దాటిపోయింది. దాటినందుకు మన్నించమని తల కూడా వంచింది.

నవంబరు 15

చిదోరి గారికి, చలి సంగతి తర్వాత రాస్తాను.

ఎంత పొరపాటు జరిగిందండీ. మీ ఇంజిన్‌లో ఉన్నవే నాలుగు, ఒట్టు. అవి కానుక కాదని రాసి, ఆ వాక్యం కొట్టేశాను. గూట్లో పెట్టుకున్నానని మీరు రాశాక ఆ మాట ఎలా అనను? ఐదోది పంపుతున్నాను, లెక్క మారుతుంది. అది నా సొంత కారులోని టర్బో. విప్పి, కడిగాను. మీ బండికి సరిగ్గా సరిపోతుంది. దయచేసి దీనికి బదులు పంపకండి, విప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఇట్లు,
తోకుజో

తా.క.: నా కారు ఇక కదలదు. పోనివ్వండి, నేనూ వెళ్ళేచోటు లేనివాణ్ణే. పళ్ళు రోజుకొకటే తింటున్నాను, అయిపోతాయని.

నవంబరు 21

తోకుజో గారికి, మంచు బాగా పడుతోంది, మీ ఉత్తరం చదివాక నాకు చలి తెలియలేదు.

టర్బో అందింది. గూడు చాలలేదు.

మీరు కొట్టేసిన వాక్యాన్ని దీపానికి అడ్డంపెట్టి చదివాను. అవి కానుక కాదని నాకు మొదటినుంచీ తెలుసు. ఈ కనుమ మీద ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు నడిపినదాన్ని, పాత పిస్టన్ ఏదో గుర్తుపట్టలేనా? "సామాను అందింది" అని రాస్తే మన ఉత్తరాలు అక్కడితో ఆగిపోయేవి. టర్బో ఎప్పుడో పెట్టించుకుంటానన్నదీ అందుకే. పనంతా ఒక్కసారే అయిపోతే మళ్ళీ మీ షెడ్డుకు ఏ వంకతో వస్తాను? నా ఆటకి మీ కారు మూలబడింది, సిగ్గుగా ఉంది.

గురువారం పొద్దున బస్సులో టర్బోని ఒళ్ళో పెట్టుకుని వస్తున్నాను. దాన్ని మీ కారుకే బిగించండి, నేను దీపం పట్టుకుంటాను. నా బండి సంగతి ఎప్పుడో చూద్దాం.

ఇట్లు,
చిదోరి

తా.క.: మీ దగ్గర రెండో టీ కప్పు ఉందో లేదోనని నాది తెచ్చుకుంటున్నాను. తిరిగొచ్చేటప్పుడు అక్కడే మరిచిపోతాను. దాన్ని కడిగి, గుడ్డలో చుట్టి పంపకండి.