ఏసీ వదిలి సేఫ్టీకి

అన్నా,

గల్ఫ్‌లో, మఫ్రఖ్ లేబర్ క్యాంపులో మనం చదివిన కాలేజీ కోర్సుల ప్రకటన కాగితం ఇంకా నా పెట్టెలోనే ఉంది. వెల్డింగ్, కంప్యూటర్‌తో పాటు కేకులు చేయడం కూడా నేర్పుతారని నువ్వు నవ్వావు. ఇద్దరం ఏసీ మెకానిక్‌లో చేరదామన్నావు.

"రెండు నిమిషాల పనే, బెల్టెందుకు? యల్లా, ఎక్కు" అని ఫోర్‌మన్ నిన్ను పరంజా ఎక్కించాడు. నువ్వు పడి చనిపోయాక, బెల్టు వద్దన్నది నువ్వేనని ప్రమాదం రిపోర్టులో రాశాడు. అందుకే నేను ఏసీ వదిలి సేఫ్టీ కోర్సులో చేరాను.

ఈరోజు అతనే బెల్టు లేకుండా ఎక్కాడు. కింద సేఫ్టీ ఆఫీసర్ జాకెట్‌తో నేనున్నాను.

"దిగు" అన్నాను.

"అరే భాయ్, రెండు నిమిషాల పనే."

"మా అన్నకూ అదే చెప్పినవ్. ఖలాస్, దిగు."

అతన్ని పనిలోంచి తీసేయాలని రిపోర్టు రాశాను. కోర్సులో నేను ఇంగ్లీషులో మొదట రాయడం నేర్చుకున్నది అతని పేరే.