పట్టీ లేని చెయ్యి

డాక్టరమ్మగారికి,

మందు బాగా పనిచేసిందనీ, సోమవారం నుంచి ఆపేద్దామనీ మీరన్నారట. మా ఆవిడ ఆ మాట ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. దయచేసి ఆపకండి.

ఎగ్జిమా దురదకు రాత్రుళ్ళు ఎంత గోక్కుంటుందో కొలవడానికి ఆమె రెండు చేతులకూ కదలికలు నమోదుచేసే పట్టీలు కట్టారు కదా. వాటిలో ఏమీ పడలేదన్నారు. ఎలా పడుతుందండీ? అవి ఎక్కడ ఊడిపోతాయోనని చేతులు కదపకుండా పడుకుంటోంది. నిద్రలోనే, "ఏవండీ, కాస్త వీపు గోకరూ" అంటుంది. సగం నిద్రలో నేను గోకుతాను. తెల్లారి అడిగితే, "నేనెప్పుడన్నాను? హాయిగా నిద్రపోతేనూ!" అంటుంది. అబద్ధం కాదు, ఆమెకు నిజంగానే గుర్తుండదు.

నేనూ తేలిగ్గానే తీసుకున్నాను, నిన్నటిదాకా. నిన్న బేకరీలో పిండి కలపబోతూ చేతులు చూసుకుంటే గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు. నా ఒంటిమీద ఎక్కడా గీత కూడా లేదు.

పిండి అలాగే వదిలేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆమె సంతోషం చూస్తూ ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మీరే చెప్పండి. నమ్మకం కుదరకపోతే, ఒక్క రాత్రి ఆ పట్టీ నా చేతికి కట్టి చూడండి.

ఆమె భర్త