నీలం కాగితం అట్ట

థార్న్‌బీ,
9 జూలై 1829, గురువారం.

నా బంగారు తల్లి పెర్సిస్‌కు,

అమ్మ ముద్దులు, దీవెనలు. దేవుడి దయవల్ల లేచి తిరుగుతున్నాను. లండన్‌లో నువ్వు వేళకు తింటున్నావని, తడి మేజోళ్లతో కూర్చోవడం లేదని నమ్ముతున్నాను.

నాకోసం పెద్దపెద్ద అక్షరాలతో రాసిన నీ ఉత్తరం అందింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. సోమవారానికల్లా చివరి అధ్యాయం అందకపోతే పుస్తకం అచ్చు వెయ్యనని ఆ ప్రచురణకర్త అన్నాడని చదివాక నాకు ముద్ద దిగలేదు. మీ ఇద్దరి మూడేళ్ల కష్టం. మన సిబిల్ చివరి ఊపిరిదాకా రాసిన పుస్తకం. అందుకే అధ్యాయం ఇందులోనే పెట్టాను.

అక్షరాలు నావేనని కంగారు పడకు. సిబిల్ రాసిన కాగితాలు తడిసి పాడైపోయాయి, నేను ఎత్తిరాశాను. అసలువి పంపమని అడగకు. ముందు అధ్యాయాలన్నీ నీ చేతిరాతే కదా, ఇదీ నీ చేత్తో రాసి ఇవ్వు. రాత మారితే ఆయనకు అనుమానం రాదూ? అట్టమీద మగపేరు పెట్టుకున్నది ఇద్దరు అక్కచెల్లెళ్లని తెలిస్తే ఊరుకుంటాడా? రచయితగారి చెల్లెల్నంటూ నువ్వు ఆ గుమ్మం ఎక్కినప్పుడల్లా నాకిక్కడ గుండె దడ.

రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పనిపిల్ల టామ్సిన్ గిన్నెలు తోముతూ చూసి, ఏంటమ్మగారూ, కలంతో రాస్తున్నారా, బంగాళాదుంపలు తవ్వుతున్నారా అంది. ముక్కుకు కూడా సిరా అంటిందండీ, అదేం పాపం చేసింది అని మళ్లీ. నవ్వొచ్చింది. నవ్వినందుకు ఏడుపొచ్చింది. సిబిల్ పోయి ఇరవై రోజులే కదా. నువ్వు వచ్చేసరికి సమాధి అయిపోయిందని బాధపడకు తల్లీ, లండన్ బండి అంతకన్నా త్వరగా రాదు.

సిబిల్ పద్ధతి నీకు తెలుసుగా. నేను వంటింట్లో బఠాణీలు ఒలుస్తుంటే అది చదివేది. నా చెయ్యి ఆగితే ఆ వాక్యం ఉంచేది, ఆగకపోతే కొట్టేసేది. నీ నోరు కూతుళ్లని పొగుడుతుందమ్మా, చెయ్యి మాత్రం అబద్ధమాడదు అనేది. ఈ అధ్యాయాన్ని మంచంలోంచి మూడుసార్లు చదివింది. దగ్గొచ్చి ఆగినప్పుడల్లా, నువ్వు ఒలుస్తూనే ఉండు, మోసం చెయ్యకు అనేది. ఆ సాయంత్రం నేను గుప్పెడు గింజలైనా ఒలవలేకపోయాను.

కథలో ఇల్లు విడిచి వెళ్లిన మార్తా చివరికి ఏమవుతుందో నీకు కూడా చెప్పలేదుగా. చదువు. సరిపోయిందో లేదో ఒక్క ముక్క రాయి, అందాకా నా మనసు కుదుటపడదు.

నీ ఉత్తరం కోసం గుమ్మంలోనే ఉండే
అమ్మ,
హెస్టర్ వెయిన్‌రైట్

తా.క.: ఉత్తరం మడిచాను గానీ లక్క వెయ్యడానికి చెయ్యి రాలేదు. కాగితాలు తడవలేదు తల్లీ. పంచదార చుట్టి వచ్చే నీలం కాగితంతో మీరు అన్నిటికీ ఒకేలాంటి అట్టలు కుడతారు కదా. సిబిల్ చీమల్లాంటి అక్షరాలు నేను చదవలేను. ప్రార్థనల పుస్తకమే అనుకుని ఈ అధ్యాయాన్ని శవపేటికలో దాని చేతుల కింద పెట్టింది నేనే. పోయిన ఆదివారం పరుపు ఎండలో వెయ్యబోతే, అసలు ప్రార్థనల పుస్తకం ఆ కింద దొరికింది.

అడిగితే పాదిరిగారు సమాధి తెరిపించేవారేమో. నేనే అడగలేదు. దాని చేతుల్లోంచి లాక్కోలేను. విన్నది విన్నట్టు గుర్తు తెచ్చుకుని రాశాను, ఒక్కచోట తప్ప. సిబిల్ కథలో మార్తా ఓడెక్కి వెళ్లిపోతుంది, వెనక్కి తిరిగి చూడదు. నేను రాసినదాంట్లో ఓడ దిగి ఇంటికొచ్చి తలుపు తట్టింది.

చివరి కాగితం కొట్టెయ్యి. పిల్లని మళ్లీ ఓడెక్కించు, సిబిల్ రాసింది అదే. నా చేత్తో మాత్రం పంపలేకపోయాను.